టెస్టు రోజు కంచం

మా ఆయన్ని షుగరు చంపిందని ఊళ్లో అందరూ అంటారు. నన్నడిగితే, టెస్టు రోజు కంచంలో పెట్టిన ఒకటిన్నర ఇడ్లీ చంపింది. పెట్టమని నేర్పింది ఆయన చెల్లెలు. పెట్టింది నేను.

మూడు నెలలకోసారి చల్లపల్లి వెళ్లి, తిన్న రెండు గంటలకి రక్తం ఇచ్చేవాడు. ముందు రెండు రోజులు నోరు కట్టుకునేవాడు. ఆ ఉదయం ఆ ఇడ్లీతో సరి. "షుగరు భలే అదుపులో పెట్టుకున్నారే" అని డాక్టరు గారు పాత మాత్రలే రాసేవారు. బయటికి రాగానే హోటల్లో పూరీలు, ఇంటికొచ్చాక గుట్టలా అన్నం. చెప్పు కరిచిన చోట పుండు నల్లబడింది. ముందు వేళ్లు తీశారు, తర్వాత మోకాలి దాకా. ఆ తర్వాత మనిషే లేడు.

నాకూ షుగరు వచ్చింది, బుద్ధి మాత్రం రాలేదు. పోయినసారి నేనూ ఇడ్లీ తునక తినే వెళ్లాను. డాక్టరు గారు మెచ్చుకుంటే సిగ్గులేకుండా నవ్వాను కూడా. మొన్న కోతల్లో వరి మోడు బొటనవేలికి గుచ్చుకుంది. పదిహేను రోజులైనా మానలేదు. నాట్లకి దిగాలన్నా, కలుపుకి దిగాలన్నా నాకున్నవి ఈ రెండు కాళ్లే.

ఈసారి పొద్దున్నే అన్నం వండాను. రోజూ పెట్టుకునేంత పెట్టుకుని, చేపల పులుసు పోసుకుని తింటున్నాను. తోడు వస్తానన్న ఆడపడుచు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో వదినా, టెస్టు పెట్టుకుని ఇదేం తిండి?"

"రోజూ తినేదే."

"మూడొందలు దాటితే డాక్టరు గారి ముందు తల ఎక్కడ పెట్టుకుంటావ్?"

"మీ అన్నయ్య తల ఎత్తుకునే పోయాడు. కాలే తీసుకెళ్లలేదు."

ఇద్దరం చల్లపల్లి బస్సెక్కాం.

మూడొందల పద్నాలుగు వచ్చింది. డాక్టరు గారు పాత కాగితం తిరగేశారు.

"పోయినసారి బాగానే ఉందిగా అమ్మా. ఇంతలా పెరిగిందేం?"

"పెరగలేదండి. పోయినసారి కడుపు మాడ్చుకుని వచ్చి మిమ్మల్ని మోసం చేశాను. అసలుది ఇదీ."

ఆడపడుచు నా చెయ్యి గిల్లింది. వదిలించుకుని, వేలి కట్టు విప్పి కాలు బల్ల మీద పెట్టాను. డాక్టరు గారు తిట్టలేదు. పుండు కడిగించి, మందులు మార్చారు. అన్నం ఒక్క కప్పే, అదీ కూర తిన్నాకే అన్నారు. ఇప్పటికైతే వేలు దక్కుతుంది, వారం వారం చూపించు అన్నారు.

బస్టాండులో ఆడపడుచు మొదలుపెట్టింది.

"పరాయివాళ్ల ముందు పరువంతా తీశావు కదే!"

నాకు ఒళ్లు మండిపోయింది. దానికీ షుగరుంది. వచ్చే మంగళవారమే టెస్టు.

"మంగళవారం పొద్దున నీ కంచం ముందు కూర్చుంటాను. ఇడ్లీ తుంచావా, డాక్టరు గారికి నేనే చెప్తాను."

"నువ్వు మా గడప తొక్కితే ఊరుకోను."

"తొక్కుతాను. నాకింకా కాళ్లున్నాయి."