తలుపు పక్కన ఒక పిలుపు

డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం కాపురం పెట్టేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఎనభైల మొదటి సంవత్సరాలు. మావారు కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్టింగ్ పని చేసేవారు. గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న నర్సు పనే నేను ఇక్కడా చేసేదాన్ని.

మా వార్డులో ఒక కొరియా ఆవిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. ఎక్కువ మాట్లాడేది కాదు. మధ్యాహ్నం భోజనాల గదిలో టిఫిన్ డబ్బా ముందు కూర్చుని, గ్లాసులో వేలు ముంచి, బల్ల మీద నీళ్లతో ఏవో అక్షరాలు రాస్తుండేది. చివరి అక్షరం రాసేలోపు మొదటిది ఆరిపోయేది. మళ్లీ మొదలుపెట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“చెయ్యి మర్చిపోకుండా,” అంది.

ఆమె ఊళ్లో ఉన్నప్పుడు కుంచెతో అక్షరాలు రాయడం చిన్నప్పటినుంచీ నేర్చుకుందట. ఇక్కడికొచ్చాక వారమంతా ఇంజెక్షన్లూ చార్టులే. ఆసుపత్రిలో తనకంటే చిన్నవాళ్లైన కొరియా నర్సులు ఆమెను ‘ఒన్నీ’ అని పిలిచేవాళ్లు. ‘అక్కా’ అని అర్థం అని తెలిశాక నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు.

ఆ నవంబరులో మా అక్క పోయింది. ఉత్తరం చేతికందేసరికి సమాధి కార్యక్రమం కూడా అయిపోయి మూడు వారాలు. మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. డ్యూటీకి వెళ్లాను, మందులిచ్చాను, పక్కలు మార్చాను. మధ్యాహ్నం డబ్బా తెరిచి మూసేసేదాన్ని. అలా వారం గడిచాక ఒన్నీ నా ఎదురుగా కూర్చుంది.

“శనివారం పొద్దున ఏం చేస్తావు?”

“లాండ్రీ.”

“లాండ్రీ ఎప్పుడైనా చెయ్యొచ్చు. నాతో రా.”

ఎందుకు తినడం లేదని మాత్రం అడగలేదు.

తీరా వెళ్తే అది నాకు తెలిసిన చోటే. అక్కడి అమెరికన్ చర్చి భవనంలో ఆదివారం పొద్దున కొరియా వాళ్ల ఆరాధన జరిగేది. నెలకోసారి మధ్యాహ్నం మా తెలుగు వాళ్లం అక్కడే చేరేవాళ్లం. ఆ భవనం కిందున్న బేస్‌మెంట్ నాకు పులిహోర, చికెన్ కూర తిన్న చోటుగానే తెలుసు. శనివారం పొద్దున అది మరో లోకం. పొడవాటి బల్లల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి ఉన్నాయి. వేయించిన బార్లీ వేసి కాచిన నీళ్ల వాసన. ఏడెనిమిదిమంది తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు.

అందులో ఒకాయన కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పని చేసేవాడు. ఆ ఏడాది వచ్చిన కార్ల ఎరుపు ఆయన గోళ్ల సందుల్లో ఉండేది. ఇక్కడ మాత్రం నల్ల సిరాతో కొండలు వేసేవాడు. రంగులెందుకు వెయ్యరని అడిగితే, “వారమంతా రంగులే. ఒక్కపూటైనా అవి లేకుండా బతకనీ,” అని నవ్వాడు. బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని చేసే ఒకావిడ తన కవితలు చదివేది. నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. చదవడం అయ్యాక వాళ్లు మెచ్చుకోరు సరికదా, వాదించుకునేవాళ్లు! ఒక మాట కోసం అరగంట. ఆవిడ ముఖం కందగడ్డలా అయిపోయేది. చివరికి అందరూ కలిసి డబ్బాలు విప్పి తినేవాళ్లు.

“ఊళ్లో అయితే మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు? ఇక్కడ రాసేదీ మేమే, వినేదీ మేమే, తిట్టేదీ మేమే,” అంది ఒన్నీ.

నాలుగు వారాలు నాకు కుంచె ఇవ్వలేదు. నల్లటి సిరా కడ్డీని రాతిపలక మీద కొద్దిగా నీళ్లు పోసి అరగదీయడమే నా పని. ఆ గుండ్రటి కదలికలో నా చెయ్యి తిరుగుతుంటే మనసు ఎక్కడికీ పోయేది కాదు. ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని. మావారు అది గమనించి, శనివారం లాండ్రీ తనే చేయడం మొదలుపెట్టారు. నా తెల్ల యూనిఫాంలు రెండు లేత గులాబీ రంగుకు తిరిగాయి.

ఐదో వారం కుంచె చేతికిచ్చి, “నీ అక్షరాలే రాయి,” అంది ఒన్నీ. ‘అ’ నుంచి మొదలుపెట్టి కొన్ని రాశాను. వాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

“మావి కర్రలు పేర్చినట్టుంటాయి. మీవి ఉల్లిపాయ చక్రాల్లా ఉన్నాయే!” అన్నాడు ఫ్యాక్టరీ ఆయన.

వసంతకాలంలో, మంచు కరిగాక, అదే బేస్‌మెంట్‌లో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలనుకున్నారు. నేనూ ఒకటి రాయాల్సిందేనని పట్టుబట్టింది ఒన్నీ. ఏం రాయాలో తెలీక కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను.

“ఏడాదిగా నీ చెవిన పడని మాట ఒకటి రాయి,” అంది.

ఆలోచించాల్సిన పని లేకుండానే చెయ్యి కదిలింది. ‘ఒసేయ్’ అని రాశాను. మావారు నన్ను ‘ఏమోయ్’ అంటారు. ఆసుపత్రిలో బ్యాడ్జీ మీదున్న ఇంటిపేరును సగానికి విరిచి పిలుస్తారు. చర్చిలో సిస్టర్, పిల్లలకి ఆంటీ. ‘ఒసేయ్’ అన్నది మా అక్క ఒక్కతే. వంటింట్లోంచి, పెరట్లోంచి, వీధి చివరినుంచి. కోపమొచ్చినా అదే, ముద్దొచ్చినా అదే.

“ఎలా పలకాలి?” అని అడిగింది ఒన్నీ.

“ఒసేయ్.”

గదిలో ఉన్నవాళ్లంతా తలలెత్తారు. ఫ్యాక్టరీ ఆయన, “ఒసెయో!” అని చప్పట్లు కొట్టాడు. వాళ్ల భాషలో అది ‘రండి’ అని మర్యాదగా పిలవడమట. ఇంటికొచ్చిన అతిథిని గుమ్మంలో అలాగే ఆహ్వానిస్తారట.

“కాదు, కాదు,” అన్నాను కంగారుగా. “ఇందులో మర్యాద ఏమీ లేదు. బయటివాళ్లని అంటే తిట్టే అవుతుంది. అక్క చెల్లెల్ని పిలిచే పిలుపు.”

“మీ అక్కయ్య పిలుస్తుందా అలా?” అంది ఒన్నీ.

“పిలిచేది. పోయింది. నవంబరులో.”

మావారికి కాకుండా మరొకరికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. ఒన్నీ నన్ను దగ్గరికి తీసుకోలేదు, అయ్యో అనలేదు. నా చేతిలోని కుంచె తీసుకుని, సింకు దగ్గరికి వెళ్లి, నీళ్లు తేటపడేదాకా కడిగింది. మొన తన పెదవుల మధ్య సరిచేసి తెచ్చి నా ముందు పెట్టింది.

“తలుపు పక్కన పెడదాం,” అంది. “మా వాళ్లకి మా అర్థం. నీకు నీ అర్థం.”

ప్రదర్శన రోజున మా తెలుగు ఆరాధన కూడా ఉంది. అది అయ్యాక, కింద బొమ్మలు చూడ్డానికి రమ్మని సిగ్గుపడుతూనే అందరికీ చెప్పాను. నేను ముందు దిగివచ్చి తలుపు పక్కనే ఒక మూల నిలబడ్డాను. మా సంఘంలో పెద్దాయన, తెనాలివైపు మనిషి, భార్యతో, మనవరాలితో మెట్లు దిగి తలుపు దగ్గర ఆగిపోయాడు.

“ఏందమ్మా ఇది? గుమ్మంలో కాలు పెట్టంగానే ఒసేయ్ అంటన్నారు?”

మనవరాలికి ఆరేళ్లుంటాయి. ఇక్కడ పుట్టిన పిల్ల. “ఆంటీ, దిస్ ఈజ్ బ్యాడ్ వర్డ్, రైట్? మమ్మీ నాకు డోంట్ సే అని చెప్పింది,” అంది పెద్ద గొంతుతో.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కొరియా వాళ్ల భాషలో దాని అర్థం వేరని ఏదో గొణిగాను. పెద్దాయన భార్య మాత్రం కదల్లేదు. కళ్లజోడు సవరించుకుని, అక్షరాలకి దగ్గరగా వెళ్లి చూసింది. ఆవిడ అమెరికా వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. సంఘంలో అందరూ ఆవిడను ‘అమ్మగారూ’ అనేవాళ్లు.

“నువ్వే రాశావా?”

“అవునండీ.”

“ఒకసారి చదువు. పైకి చదువు.”

“ఒసేయ్,” అన్నాను మెల్లిగా.

“అట్టా కాదే. పిలిచినట్టు చదువు.”

గొంతు సవరించుకుని, మా అక్క వీధి చివరినుంచి పిలిచినంత గట్టిగా, “ఒసేయ్!” అన్నాను. గదిలో అందరూ తిరిగి చూశారు.

“ఆఁ, వస్తన్నా!” అందావిడ, ఏ లోకంలోంచో. అంటూనే నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన దగ్గరికొచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆమెను అలా ఎవరు పిలిచేవారో నేను అడగలేదు. మేమిద్దరం తలుపు పక్కనే నిలబడి కాస్త ఏడ్చాం, కాస్త నవ్వాం. కవిత్వం రాసే ఆవిడ మా ఇద్దరికీ బార్లీ నీళ్లు తెచ్చిచ్చింది.

ఆ తర్వాత ఐదేళ్లపాటు శనివారాలు నావయ్యాయి. మా పాప పుట్టాక దాన్ని ఆ బల్లల కింద దుప్పటి మీద పడుకోబెట్టేదాన్ని.

ఎనభైల చివర్లో ఒన్నీ సియోల్‌కి వెళ్లిపోయింది. “నేను రాసింది ఎవరికీ వివరించక్కర్లేని చోట కొన్నాళ్లుండాలి,” అంది. విమానాశ్రయానికి నేనే డ్రైవ్ చేశాను. దిగేటప్పుడు మా పాప షూ లేసులు విప్పి మళ్లీ గట్టిగా కట్టి, లోపలికి వెళ్లిపోయింది.

నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. తను పెరిగిన వీధి కనిపించలేదట. బస్సు దిగి దారి అడిగితే కండక్టరు అమ్మాయి, ‘మీరు ఏ దేశం నుంచి వచ్చారు?’ అందట. పాత స్నేహితుల బృందంలో తన అక్షరాలు చూపిస్తే, గీతలో అమెరికా తొందర ఉందన్నారట. రెండు రోజులు పడుకుని ఏడ్చిందట. తర్వాత ఒక మందుల దుకాణం పైన గది అద్దెకు తీసుకుంది. అక్కడ ఇప్పుడు చుట్టుపక్కల ఇల్లాళ్లు నలుగురు నేర్చుకుంటున్నారు. ‘వాళ్లకి నా తొందర నచ్చింది’ అని రాసింది.

ఆ పూటే జవాబుకు కూర్చున్నాను. గదిలోకి ఎండ ఎటునుంచి వస్తుంది, పక్కింట్లో ఎవరుంటారు, ఆ నలుగురిలో మొండిది ఎవరు, పొద్దున ఏం తిన్నావు అని అడుగుతూ పోయాను. పోస్టాఫీసు మూసే వేళయిందని మావారు కారు స్టార్ట్ చేసి, కిటికీలోంచి “అయిందా?” అని కేకేశారు.

“ఇంకొక్క పేజీ,” అన్నాను.

ఆయన ఇంజన్ ఆపేశారు.