పెద్దమ్మ నేల మీద గీసిన ప్లాను

డాక్టరు మందు రాసిస్తే, అది ఆయన ఇంట్లో ఎవరైనా వాడి చూశారా అని అడుగుతుంది పెద్దమ్మ. బస్సెక్కేముందు బోర్డు చదువుతుంది, కండక్టరును అడుగుతుంది, ఎక్కాక పక్క సీటు మనిషిని అడుగుతుంది. ముగ్గురి మాటా ఒకటైతేనే వెనక్కి ఆనుకుని కూర్చుంటుంది. పెద్దనాన్న బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆయన చెప్పే కథ ఇది: "పెళ్ళికి ముందు ఎవరైనా జీతమెంత అని అడుగుతారు. ఈవిడ లైసెన్సు చూపించమంది. చూపిస్తే, ఫొటోలో ఉన్నది నువ్వేనా అంది."

"ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. ఫొటోలో వాడికి జుట్టుంది" అంటుంది పెద్దమ్మ, నవ్వకుండా.

మున్సిపాలిటీ ఆటస్థలంలో ఆమెది ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఊడవడం, నీళ్ళు చల్లడం, గేటు తీసి వేయడం అన్నీ ఆమే. వీటన్నిట్లోకీ ఇష్టమైన పని మాత్రం గీతలు గీయడం. వాలీబాల్ కోర్టు పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది వెడల్పు. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, తాడు బిగించి, దాని వెంట సున్నం పొడి వదులుతుంది. అంతటితో వదిలిపెట్టదు. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు తాడు ఐమూలగా లాగి చూస్తుంది. రెండూ సమానంగా రాకపోతే కోర్టు వంకర అన్నమాట, మేకులు పీకి మళ్ళీ మొదలు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. కంటికి తిన్నగా కనిపించేదాన్నే ఎక్కువ అనుమానించాలని తనంతట తనే కనిపెట్టుకుంది.

ఆ ఆటస్థలంలో లేనిదల్లా తలుపున్న గది. మగపిల్లలు గోడ చాటున చొక్కాలు మార్చుకుని ఆడేస్తారు. ఆడపిల్లలు కాలేజీ నుంచో, బట్టల కొట్టు నుంచో, ఆస్పత్రి డ్యూటీ నుంచో వస్తారు. బట్టలు మార్చుకోవాలన్నా, మరో అవసరానికైనా ఇంటికే పోవాలి. పోయినవాళ్ళు మళ్ళీ వస్తారా? ఒకప్పుడు ఆడవాళ్ళవే రెండు జట్లుండేవి. చివరికి ఐదుగురు మిగిలారు. ఆరుగురు లేనిదే వాలీబాల్ జట్టు కాదు. వలకు అవతల ఎవరూ లేకుండా ఆ ఐదుగురూ బంతిని వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటుంటే పెద్దమ్మ చూడలేకపోయేది. "రెండు గదులు, ఒక కుళాయి. నేనేమన్నా స్టేడియం అడిగానా?" అని ఎనిమిది అర్జీలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఆటస్థలం వెనక పాత గిడ్డంగులు పడగొట్టి నాలుగు టవర్ల అపార్టుమెంట్లు లేపారు. అంత జనం కొత్తగా వచ్చి చేరితే చుట్టుపక్కల పార్కుల మీద, ఆటస్థలాల మీద భారం పడుతుంది కదా. అందుకని బిల్డరు మున్సిపాలిటీకి కొంత సొమ్ము కట్టాలి. దాన్ని ఆ చుట్టుపక్కల జనమంతా వాడుకునే హాళ్ళకూ ఆటల ఏర్పాట్లకూ మాత్రమే ఖర్చు పెట్టాలి. ఐదేళ్ళలో దేనికీ కేటాయించకపోతే ఆ సొమ్ము తిరిగి బిల్డరు జేబులోకే పోతుంది. నాలుగేళ్ళ పది నెలలు గడిచాక, కేటాయింపు తేల్చడానికి ఐదుగురితో ఒక కమిటీ వేశారు. రిటైరైన హెడ్మాస్టరు దానికి అధ్యక్షుడు, అందరూ ఆయన్ని మాస్టారంటారు. ఆటస్థలం తరఫున పెద్దమ్మకు ఒక కుర్చీ దక్కింది. కూర్చునే ముందు ఆ కుర్చీని ఊపి చూసిందని మాస్టారు ఇప్పటికీ చెబుతారు.

మొదటి సమావేశానికి బిల్డరు మేనేజరు రంగుల బొమ్మలు పట్టుకొచ్చాడు. సొమ్ము తీసుకుని మున్సిపాలిటీ ఏళ్ళ తరబడి నానబెట్టడమెందుకు, దానికి బదులు మా స్థలంలో మేమే పైకప్పున్న కోర్టు కట్టిస్తాం, ఆడపిల్లలకు గదులతో సహా, అన్నాడు. బొమ్మలో అమ్మాయిలు బంతి పట్టుకుని నవ్వుతున్నారు.

"వీళ్ళెవరు?" అంది పెద్దమ్మ.

"ఊరికే బొమ్మలండీ."

"మావాళ్ళు కాదు కదా. మావాళ్ళు అలా నవ్వరు."

"పెద్దమ్మా, ఎనిమిది అర్జీలు పెట్టావు. ఇప్పుడు గదులు నడిచొస్తుంటే కూడా అనుమానమేనా?" అన్నారు మాస్టారు.

"నడిచొస్తున్నాయి కాబట్టే, మాస్టారూ. నేను పిలిచినప్పుడు రాలేదు."

ఆమె అనుమానం అక్కడే ఆగి ఉంటే ఇంత కథ లేదు. అది వెళ్ళి ప్లానింగు సెక్షను గుమాస్తా మీద పడింది. ఆయన మితభాషి, చెవి మీద ఎర్ర పెన్సిలు, చంకలో ఫైలు. కమిటీ ఎప్పుడడిగినా "ఇంకో కాగితం రావాలండీ" అనేవాడు. మూడు వారాలు అదే మాట. గడువేమో దగ్గరపడుతోంది. ఈలోగా బిల్డరు ఆఫీసు ముందు ఆయన మేనేజరుతో కాఫీ తాగుతూ పెద్దమ్మ కంట పడ్డాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"గడువు దాటిస్తే సొమ్ము బిల్డరుకే. దాటించేది ఈయన. కాఫీ పోసేది వాళ్ళు. ఇంకేం కావాలి?" అని ఇంట్లో పెద్దనాన్నతో అంది. అంటూనే గొంతు తగ్గించింది, వంటింట్లో కోడలుంది కాబట్టి. ఆ కోడలు పనిచేసేది బిల్డరు ఆఫీసులోనే, ఫ్లాట్లు కొనడానికి వచ్చేవాళ్ళకు ప్లాన్లు చూపించే పని. కమిటీ వేసిన రోజు నుంచీ పెద్దమ్మ కోడలి ముందు వాతావరణం తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు.

"అత్తయ్యా, ఈసారి మీకు ఉప్పు అందిస్తే నా చేత సంతకం కూడా పెట్టించుకుంటారా?" అంది కోడలు ఒకరోజు అన్నం దగ్గర.

"తేదీ కూడా వేయించుకో, మరిచిపోతుంది" అన్నాడు పెద్దనాన్న.

పెద్దమ్మ ఉప్పు లేకుండానే తినేసింది. మర్నాడు గుమాస్తా మీద కమిషనరుకు ఫిర్యాదు రాసింది. అర్జీలకు ఎనిమిదిసార్లు పలకని ఆఫీసు ఈ ఫిర్యాదుకు నాలుగు రోజుల్లో కదిలింది. గుమాస్తాను ఆ ఫైలు నుంచి తప్పించారు. ఆయన చోట్లోకి వచ్చినవాడికి ఏ కాగితమూ అక్కర్లేదు. "పద్దెనిమిదో తారీకు సమావేశంలో తీర్మానం చేసేయండి, ఆ రోజే సంతకం పెడతాను" అన్నాడు, బిల్డరు కోర్టు ప్లాను విప్పి కూడా చూడకుండా.

అంత తేలిగ్గా అయిపోయేసరికి పెద్దమ్మ అనుమానం ఇటు తిరిగింది. కమిటీకిచ్చిన ప్లాను కాపీ తీసి రెండు రాత్రులు చూసింది. కాగితం మీద ఆమెకు ఏదీ అర్థం కాదు. అంకెలు మాత్రం తెలుసు. ఆదివారం తెల్లవారగానే మేకులు, తాళ్ళు, రెండు బస్తాల సున్నం పొడి తీసుకుని ఆటస్థలంలోకి దిగింది. ప్లానులో ఎన్ని మీటర్లు రాసి ఉంటే నేల మీద అన్ని మీటర్లూ గీయడం మొదలుపెట్టింది. కోర్టు గీసింది, గోడలు గీసింది. గదులు, పక్కన ఈతకొలను, అపార్టుమెంట్ల లోపలి గేటు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. అక్కడక్కడా గోడలకు అంటుకుని అర్ధచంద్రాల్లాంటివి ఉంటే, అవేమిటో తెలియకపోయినా వాటినీ గీసింది.

ఎనిమిదయ్యేసరికి ఐదుగురు ఆటగత్తెలూ వచ్చారు. నడకకు వచ్చిన మాస్టారు ఆగిపోయారు. పెద్దమ్మ మరిచిపోయిన కళ్ళద్దాలు ఇవ్వడానికి కోడలూ వచ్చింది.

"ఇవేంటత్తయ్యా, మా ఆఫీసు ప్లానును ఎండబెట్టారా?"

"ఈ చందమామలు ఏంటో చెప్పు ముందు."

"తలుపులు. ఎక్కడ చందమామ ఉంటే అక్కడ తలుపు. రోజుకు పదిమందికి చెబుతాను నేను."

పెద్దమ్మ వెనక్కి తిరిగి పొడుగ్గా ఉన్న అమ్మాయిని పిలిచింది. ఆస్పత్రిలో పనిచేసే పిల్ల ఆమె. "కోర్టులో నిలబడు. ఆట అయిపోయింది. గదిలోకి పోయి బట్టలు మార్చుకో. గోడ గీత తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

ఆ పిల్ల కోర్టు గీత వెంటే ఒక చుట్టు చుట్టింది. కోర్టు నుంచి గదుల్లోకి తలుపు లేదు. బయటి తలుపులోంచి సున్నంతో గీసిన రోడ్డు మీదికి వచ్చింది. ప్రహరీ వెంట నడిచి నడిచి అపార్టుమెంట్ల గేటు దగ్గర ఆగింది.

"ఇది దాటాలంటే అక్కడుండేవాళ్ళ కార్డు కావాలి కదక్కా?" అని ఆ పిల్ల కోడలిని అడిగింది.

"కావాలి" అంది కోడలు.

ఆ గేటు దాటితే ఈతకొలను. గదులకున్న ఒక్కగానొక్క తలుపు ఈతకొలను వైపుకే ఉంది.

"అంటే... మనకిచ్చిన గదులు వాళ్ళ ఈతకొలనుకా?" అన్నారు మాస్టారు, సున్నం గీతకు అవతలే నిలబడి.

"మన సొమ్ముతో" అంది పెద్దమ్మ. ఆమె ముఖంలో గెలుపు కళ వచ్చేసింది. "చూశారా! ఆ గుమాస్తా ఇది కప్పెట్టడానికే..."

"అత్తయ్యా, ఆపండి." కోడలు అడ్డుపడింది. "ఆ తలుపు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది ఆయనే. తలుపు మార్చిన కాగితం రానిదే సంతకం పెట్టనని మా ఆఫీసుకు మూడుసార్లు వచ్చాడు. మీరు చూసిన కాఫీలు అవే. తాగేదాకా పోనివ్వరు మా మేనేజరు, తాగించినా ఆయన మాట మార్చలేదు. ఎర్ర గీతలు లేని కాపీ కమిటీకి పంపమంటే ఆ జిరాక్సు తీసింది నేను. మీ చేతిలో ఉన్నది అదే."

పెద్దమ్మ చేతిలోని కాగితాన్ని మడిచింది. "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"మీరు నాతో ఎండా వానా తప్ప ఇంకేమైనా మాట్లాడారా?"

గడువుకు ముందు ఆఖరి సమావేశం పద్దెనిమిదినే, ఇంకా నాలుగు రోజులే. ఆపగలిగిన ఒక్క మనిషినీ పెద్దమ్మే తప్పించింది. ప్లాను ఒప్పుకోకూడదని కమిటీ అనుకోవచ్చు, కానీ దానికి బదులు గదుల ఫైలు గడువులోగా తయారుచేయడం కొత్తవాడి వల్ల అయ్యే పని కాదు. అది కాకపోతే సొమ్ము వెనక్కి పోతుంది.

సోమవారం పొద్దున్నే కమిషనరు ఆఫీసు తలుపు తీయకముందే పెద్దమ్మ మెట్ల మీద కూర్చుంది. కమిషనరు అంతా విని "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే, నిజం తెలుసుకోకుండా రాశానని రాసివ్వాలి. మీ సర్వీసు పుస్తకంలో మెమో పడుతుంది. ఇరవై రెండేళ్ళలో మీకిదే మొదటిది" అంది.

"రాసిస్తానమ్మా. ఆ మెమో గుమాస్తా గారి కంటబడేలా పెట్టండి."

ఏ కాగితమైనా మూడుసార్లు చదవనిదే సంతకం పెట్టని మనిషి, తను రాసిచ్చినదాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. చదివితే పెట్టలేనేమోనని భయం వేసిందని తర్వాత చెప్పింది.

గుమాస్తా మంగళవారం ఆ ఫైలులోకి తిరిగి వచ్చాడు. గురువారం సమావేశంలో ఎర్ర గీతలున్న అసలు ప్లాను బల్ల మీద పరిచాడు. జనం నడిచి వెళ్ళలేని గది జనం సొమ్ముతో కట్టకూడదని నిబంధన చదివాడు. మేనేజరు గొంతు పెంచాడు: "అయితే పైకప్పున్న కోర్టు మీకు లేనట్టే!"

"లేనట్టే బాబూ. ఎండలో ఆడుకుంటాం" అన్నారు మాస్టారు.

ఆటస్థలంలోనే రెండు గదులు, కుళాయిలు, దీపాలకు కమిటీ ఐదుగురూ చేతులెత్తారు. వానకు తడవని కోర్టు నోటిదాకా వచ్చి పోయిందని మగపిల్లలు చాలామంది పెద్దమ్మతో నెలరోజులు మాట్లాడలేదు. వాళ్ళ కోపంలోనూ న్యాయం ఉందని ఆమే అంటుంది. కోడలి ఉద్యోగం ఆ వారంలోనే పోయింది.

"నా వల్లే" అంది పెద్దమ్మ.

"మీ వల్ల కాదులెండి, జిరాక్సు మిషను వల్ల" అంది కోడలు. రెండు నెలలకు ఆస్పత్రి కౌంటరులో, తక్కువ జీతానికి కుదిరింది. అత్తాకోడళ్ళు ఇప్పుడు ఎంత మాట్లాడుకుంటారంటే, టీవీ వినపడటం లేదని పెద్దనాన్న ఫిర్యాదు.

గుమాస్తాకు మాత్రం ఆమె ఎదురుపడి చెప్పడానికి రెండు వారాలు పట్టింది. ఆఫీసు వరండాలో ఆపి, "బాబూ, తప్పు చేశాను. నన్ను క్షమించావా లేదా?" అంది.

ఆయన ఫైలు చంక మార్చుకున్నాడు. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉందండీ."

అది జోకో, నిజమో ఆమెకు నేటికీ తెలియదు. ఆయన కనిపిస్తే నమస్కారం పెడతాడు, టీకి పిలిస్తే మాత్రం రాడు.

గదులు పూర్తవడానికి ఏడు నెలలు పట్టింది. తెరిచిన సాయంత్రం తొమ్మిది మంది ఆడపిల్లలు వచ్చారు. నలుగురు కొత్తవాళ్ళు, ఒకమ్మాయి ఇంకా కొట్టు యూనిఫారంలోనే ఉంది. అందరూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పెద్దమ్మ బయటి నుంచి తోసి చూసింది. కదల్లేదు. భుజం ఆనించి ఇంకా గట్టిగా తోసింది.

"ఎవరది?" లోపలి నుంచి కేక.

"నేనే. గడియ సరిగా పడిందో లేదో చూస్తున్నా."

"పడింది పెద్దమ్మా!"

"కాంట్రాక్టరూ అలాగే అన్నాడు. ఇంకోసారి తోస్తాను."

"తొమ్మిది మందిమీ లోపల తలుపుకు ఆనుకుని నిలబడ్డాం, చాలా? పోయి వల కట్టు, ఆట మొదలుపెట్టాలి."

లోపల నవ్వులు. పెద్దమ్మ ఒక్క క్షణం చేయి తలుపు మీదే ఉంచింది. తర్వాత తీసేసి, వల కట్టడానికి వెళ్ళింది.