సాయవ్వ నారుమడి మీది చీరలు

మా ఆవిడ మక్క గింజల్ని ఆరబెట్టడానికి రేకు మీద కుమ్మరించింది. ఆ చప్పుడు చెవిన పడగానే చాయ్ వదిలేసి వాకిట్లోకి ఉరికాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చలికాలం పొద్దు, రాళ్లవాన పడే రోజులు కావు. అయినా కాసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డాను. ఆకాశం అంత నిర్మలంగా ఉంటే నాకు అనుమానం. ఈ గుణం మా వంశంలో ఎవరికీ లేదు. పొలం పక్క సాయవ్వ నాకు అంటించి పోయింది.

బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే దారిలో ఆమె పొలానికీ నా పొలానికీ మధ్య ఒక్కటే ఒడ్డు, మూరెడు గట్టు. మీరు ఆమెను చూసి ఉండరు కనుక చెబుతున్నాను, సాయవ్వ తన నీడను కూడా నమ్మేది కాదు. నీడ వెనకబడితే ఆగి, అది ముందుకు వచ్చాకే కదిలేదంటారు. అన్నది నేనే అనుకోండి. కానీ రోజూ ఎక్కే బస్సు దగ్గర నిలబడి కండక్టర్‌ను "ఇది బీర్కూర్‌కే పోతదా?" అని అడగడం మాత్రం నా కళ్లతో చూశాను. విత్తనాల దుకాణంలో గింజను కొరికి, దుకాణం వాడి మొహం చూసి, మళ్లీ కొరికేది.

వరుసగా రెండు యాసంగులు కోతకొచ్చిన వరి మీద రాళ్లవాన పడింది. పూర్వం ఎండాకాలం వానకు మామిడికాయలు రాలేవి. ఇప్పుడు వడ్లన్నీ మడిలోనే రాలిపోయి ఉత్త గడ్డి నిలబడింది. ఇంకో పంట పోతే పొలం కౌలుకిచ్చి హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోవడమేనని నేనూ మా ఆవిడా అనుకున్నాం. నన్ను గేటు దగ్గర కూర్చోబెడితే లోపలివాళ్లంతా నా కథలు వింటూ ఉద్యోగాలు పోగొట్టుకునేవాళ్లు, అది వేరే సంగతి.

ఆ ఏడు మేమింకా వానాకాలం వడ్లు రోడ్డు మీద ఆరబోస్తుండగానే సాయవ్వ బోరు నీళ్లతో యాసంగి నారు పోసింది. పోసి ఊరుకోలేదు. పొద్దు గూకే ముందు చుట్టూ పుల్లలు నాటి, నారుమడి నిండా పాత చీరలు కప్పేది. ఎండెక్కాక తీసేది. ఏం దాస్తోంది? చాయ్ హోటల్లో నన్నడిగితే, "మహారాష్ట్ర విత్తనం. మంచు తాకితే మాయమైతది" అన్నాను. కొన్నాళ్లకు బిచ్కుంద అంగడిలో ముక్కూ మొహం తెలియని మనిషి నన్నే పక్కకు పిలిచి గుట్టుగా చెప్పాడు.

"మీ దిక్కు ఓ ముసలామె కాడికి కారుల సార్లొచ్చి గింజలిచ్చిపోయిన్రట అన్నా. రాళ్లు వడ్డా రాలయట."

కథ నాదే. కానీ అందులో కారు నేను పెట్టలేదు, రాళ్లకు రాలవనీ అనలేదు. మరి అవెక్కడివి? ఇల్లు చేరేసరికి నా అబద్ధం మీద నాకే నమ్మకం కుదిరింది. మర్నాడు తెల్లవారుతూనే పోయి ఒక చీర అంచు ఎత్తాను.

"ఏంది రా పోశెట్టీ, ముసలిదాని చీర లేపుతున్నవ్?"

వెనక చెంబు పట్టుకుని సాయవ్వ.

"కింద ఏం విత్తనమేసినవ్ అవ్వా?"

"నువ్వేసేదే."

"మరి గీ చీరలెందుకు?"

"నువ్వు దుప్పటి కప్పుకోవా? చలికి నారు ఎర్రవడ్తది, ఎదగది. గందుకే అందరు ఆలస్యంగ పోస్తరు, ఆలస్యంగ కోస్తరు, రాళ్లకు దొరుకుతరు. ఆ మొగులుకు ఇమాన్ లేదు రా, మాట మీద నిలవడది. అది వచ్చే యాల్లకు వడ్లు నా ఇంట్ల ఉండాలె." నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గూడ నారు పొయ్యి. ఇంక టైమున్నది" అంది.

ఎవరికీ ఉప్పురాయి ఇవ్వని మనిషి ఉపాయాన్ని ఉత్తగా ఇస్తోందంటే నాకు గుబులు పుట్టింది. కానీ వాచ్‌మన్ టోపీ కళ్లముందు ఆడింది. ఇంటికొచ్చి పాత చీరలు మూట కడుతుంటే మా ఆవిడ తలుపుకు అడ్డం నిలబడింది.

"ఎవ్వతికి వట్కపోతున్నవ్?"

"నారుమడికి."

"ఇన్నొద్దులు చెప్పినయన్ని నమ్మిన. గిది మాత్రం నమ్మ."

ఎప్పుడో ఒకసారి నిజం చెబితే ఇదీ గతి! ఆమె పొలం దాకా నా వెంట వచ్చింది. ఒడ్డు అవతలి చీరల్నీ, సాయవ్వనూ పరీక్షగా చూసింది. అప్పుడు గానీ చీర రెండో కొస పట్టుకోలేదు.

చలి పోయింది, నాట్లయ్యాయి, వరి వెన్ను వంగింది. ఉగాది ఇంకా రాకముందే సాయవ్వ ఒడ్డు మీదికి వచ్చింది. "రేపు కోత మిషన్ వస్తది. నీది గూడ కోపిచ్చు."

"ఇంక కొన్ని పచ్చి గింజలున్నయ్ అవ్వా. ఆకాశంల మొగులు గూడ లేదు."

"లేదు గదా. గందుకే అంటున్న."

నాకు అనుమానం ఆగలేదు. "నిజం చెప్పు. గీ ఉపాయం నాకెందుకు చెప్పినవ్?"

"నీ మీద ప్రేమనుకున్నవా? ఒక్క మడే ముందుగాల పండితే మండలంల పిట్టలన్ని దాని మీదనే వడ్తయ్. ఒక్క మడికి మిషనోడు రాడు. పక్కపొలం నీది. పిట్టలల్ల సగం నీకు."

కోయించాం. వడ్లు ఇల్లు చేరాక ఒక మధ్యాహ్నం రేకుల మీద ఆ చప్పుడు మొదలైంది. అది ఆగేసరికి ఊరి మడులన్నీ మళ్లీ ఉత్త గడ్డి. సాయవ్వ అరుగు మీద కూర్చుని, ఒక రాయిని అరచేతిలో కరిగేదాకా చూసి, "ఈసారి ఇంత లేటొచ్చింది. ఎందుకో?" అంది.

సాయవ్వ ఇప్పుడు లేదు. నేను హైదరాబాద్ పోలేదు. ఒక అనుమానం మాత్రం నాతో ఉండిపోయింది. ఆమెకు అంత పొలం ఉండగా నారుమడిని బాట పక్కన, నా కళ్లెదుటే ఎందుకు వేసింది? నా నోరు ఎటు పోతుందో, నా కాళ్లు ఎటు వస్తాయో ఆమెకు తెలియదా? ఆ చీరల్లో చలి కోసం కప్పినవెన్ని, నా కోసం కప్పినవెన్ని?

ఆమె పొలాన్ని ఈ ఏడు మా ఊరి యూసుఫ్ కౌలుకు తీసుకున్నాడు. అందరితో పాటే నారు పోస్తాడట. అంటే పిట్టలన్నీ నాకే. నేను చెబితే నమ్మడు, నా మాట ఊళ్లో ఎవరు నమ్మారు గనుక? అందుకే ఏమీ చెప్పలేదు. ఇంట్లో ఉన్న వాటిలోకెల్లా ఎర్రటి చీరను నా నారుమడి మీద, అతని ఒడ్డు వైపు కప్పి వచ్చాను.

ఈ పొద్దు మక్కల చప్పుడుకు లేచినవాణ్ని అలాగే పొలానికి పోయాను. ఎర్రచీర మూల పుల్ల ఒకటి వంగి ఉంది. బురదలో యూసుఫ్ ఒడ్డు వైపు నుంచి వచ్చిన, నావి కాని అడుగులు. పుల్లను మళ్లీ నిలబెట్టి, చీర సర్ది, ఏమీ చూడనట్టు ఇంటిదారి పట్టాను.