పెద్దాయన లాగిన్ మూసిన రోజు

ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆమెను అందరూ తాళాలమ్మ అనేవారు. పాస్‌వర్డ్ మర్చిపోయానంటూ ఎవరు వెళ్లినా, పిల్లనిచ్చేవాళ్లలా ఆరా తీసిగాని కొత్తది ఇచ్చేది కాదు. ఆమెకు పని నేర్పింది పక్క కుర్చీలో కూర్చునే పెద్దాయన. ఆయన గుండెపోటుతో పోయి నెలలు గడిచినా, ఆయన లాగిన్ తీసేయడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు.

ఒక ఉదయం తెర మీద ఆయన పేరు కదిలింది. బయటినుంచి ఎవరో పెద్దాయన పాస్‌వర్డ్‌తో లోపలికొచ్చి రోగుల వివరాలు తిరగేస్తున్నారు. ఆమె వెంటనే ఆ లాగిన్ మూసేసింది.

కాసేపటికే ఫోన్లు మోగాయి. రక్తపరీక్షల ఫలితాలు ల్యాబ్ నుంచి వార్డుల తెరల మీదికి రావడం లేదు. సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. ల్యాబ్ ప్రోగ్రామ్ రాసింది పెద్దాయనే. అది వార్డుల ప్రోగ్రామ్‌కు ఏదైనా పంపాలంటే ముందు తానెవరో చెప్పుకోవాలి. పని తొందరలో ఆయన తన పేరూ పాస్‌వర్డూ దాని లోపలే రాసిపెట్టేశాడు.

పై అంతస్తులో ఆమె ఆడపడుచు ఆపరేషన్ కోసం ఎదురుచూస్తోంది. రక్తం రిపోర్టు చూడనిదే కత్తి పట్టనని డాక్టర్ చెప్పాడు. "అక్క రిపోర్టు రాలేదట. మీ కంప్యూటర్లే ఆగిపోయాయంటున్నారు," అని భర్త ఫోన్ చేశాడు. ఆపింది తానేనని ఆమె చెప్పలేకపోయింది.

విభాగం అధికారి వచ్చి, పాస్‌వర్డ్ మార్చి ఆ లాగిన్ మళ్లీ తెరవమన్నాడు.

"పాతది ఆ ప్రోగ్రామ్‌లోంచే బయటికి పోయింది సార్. కొత్తది పెట్టినా ఆ దొంగ చేతికే ఇచ్చినట్టు."

"పోనీ నీ లాగిన్ ఇచ్చెయ్."

"రేపు నేనూ ఉండకపోవచ్చు కదండీ."

ఫలితాలు కాగితాల మీద పంపమని ల్యాబ్‌కు చెప్పి, ఆమె ప్రోగ్రామ్‌కంటూ వేరే సర్వీస్ ఖాతా తెరిచింది. అది మనుషులెవరిదీ కాదు. ల్యాబ్ కంప్యూటర్ నుంచి తప్ప పనిచేయదు, రిపోర్టు పంపడం తప్ప దానికి ఏ అధికారమూ లేదు. పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌లో కాకుండా విడిగా భద్రపరిచింది.

నడిపి చూస్తే, అనుమతి లేదని వచ్చింది. అంతలో వార్డు నర్సు ఫోన్: ఒకే పేరున్న ఇద్దరి కాగితాలు తారుమారయ్యాయి, తను చూసింది కాబట్టి సరిపోయింది. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపడుచే.

ఒక్క గడిలో టిక్కు పెడితే అన్ని అధికారాలూ వచ్చేస్తాయి. "అన్నీ ఇచ్చెయ్ తల్లీ," అన్నాడు అధికారి వెనకనుంచి. ఆమె మౌస్ మీదినుంచి చెయ్యి తీసేసి, వచ్చిన సందేశం మొదటినుంచి మళ్లీ చదివింది. రిపోర్టు పంపేముందు ప్రోగ్రామ్ రోగి నంబరు సరిచూసుకుంటుంది. కొత్త ఖాతాకు తాను అది చూసే అనుమతి ఇవ్వలేదు. ఆ ఒక్కటీ ఇచ్చి మళ్లీ నడిపింది.

ఫలితాలు ఒకదాని వెనక ఒకటి వార్డులకు చేరాయి. సాయంత్రానికి ఆపరేషన్ కూడా సజావుగా అయిపోయింది. ఆ చొరబాటుదారు ఎవరో మాత్రం తేలలేదు.

మర్నాడు ఆడపడుచు మంచం పక్కన కూర్చుని, ఫలితాలు ఆగింది తనవల్లేనని చెప్పింది.

"ఆపావు సరే, నడిపించావుగా," అంది ఆడపడుచు నీరసంగా. "ముందు ఈ దిండు కాస్త పైకి జరుపు."