ఎవరికైనా తట్టేదే

మా నాన్నకు ఏది చూపించినా ఒకటే మాట. "ఓస్, గింతేనా?" పదో తరగతిలో క్లాసు ఫస్టు వస్తే అదే మాట, ఎమ్మెస్సీ ఫిజిక్సులో సీటు వస్తే అదే మాట. సూరత్‌కు వలసొచ్చి, భేస్తాన్‌లో పవర్‌లూమ్‌ల మోత మధ్య బతికిన మనిషి, చిన్న చప్పుళ్లు చెవికి ఎక్కవులే అని సరిపెట్టుకునేదాన్ని. అదే మాట పేటెంటు ఆఫీసు వాళ్ల ఇంగ్లీషులో, అచ్చయి, నంబర్లు వేసుకుని నా టేబుల్ మీదికి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మా కంపెనీ బట్టల్ని పరీక్షించే యంత్రాలు చేస్తుంది. సలాబత్‌పురా బట్టల వ్యాపారులకు కావలసింది ఒకటే: ఈ గుడ్డలో నూలు ఎంత, పాలిస్టర్ ఎంత. దారం కాల్చి చూస్తే ఏది కలిసిందో తెలుస్తుంది గాని, ఎంత కలిసిందో తెలియదు. మేం గుడ్డ మీద మిడ్ ఇన్‌ఫ్రారెడ్ లేజర్ వేసి చూస్తాం. అది కంటికి కనపడని కాంతి. ఒక్కో రకం పోగు ఆ కాంతిని ఒక్కో తీరుగా మింగుతుంది. మిగిలి వెనక్కి వచ్చిన కాంతిని బట్టి ఏ పోగు ఎంతుందో లెక్క కడతాం. లేజర్ కోసం మా సేఠ్ ఇచ్చిన గది ఒకప్పుడు నూలు బేళ్లు దాచినది. ఒక తలుపు, నాలుగు గోడలు, కిటికీ అన్నమాటే లేదు. బయటి వెలుతురు రాదు, దారిన పోయేవాళ్ల కళ్లకు ప్రమాదం ఉండదు అని అదే మంచిదన్నారు. వానాకాలంలో అందులో ఊపిరాడేది కాదు.

ఆ గదిలో నాకు పని నేర్పింది సార్. కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలో ఇన్‌ఫ్రారెడ్ పరికరాల మీదే సర్వీసంతా గడిపి, రిటైరయ్యాక సూరత్‌లోనే ఉండిపోయిన కోస్తా మనిషి. పొద్దున పూట వచ్చి కాసేపు కూర్చుని సలహాలు చెప్పి వెళ్లేవారు. రీడింగ్ తేడాగా ఉంటే కాగితం మీద సంతకం పెట్టేవారు కాదు. సేఠ్ కంటే నాకు ఆయనంటేనే భయం. భయం కంటే ఎక్కువ ఇంకోటి కూడా ఉండేది. మా నాన్న అనని మాట ఈయన నోటి నుంచైనా వినాలని ఉండేది.

వానలు మొదలవగానే మా యంత్రానికి పిచ్చెక్కేది. ఈ కాంతికి నీళ్లంటే పడదు, గుడ్డలో కాస్త చెమ్మ ఉన్నా రీడింగ్ పాడవుతుంది. అందుకే ప్రతి ముక్కనీ హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి పెట్టమనేవారు సార్. ఆరబెట్టీ ఆరబెట్టీ విసుగొచ్చి ఒక రోజు పాడైన రీడింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పాలిస్టర్ ఎక్కువున్న ముక్కలు పెద్దగా పాడవలేదు. నూలు ఎక్కువయ్యే కొద్దీ పాడు కూడా ఎక్కువైంది. నూలు నీళ్లు పీల్చుకుంటుంది, పాలిస్టర్ పీల్చదు. పనిని చెడగొడుతున్న నీళ్లే నూలు ఎంతుందో చెప్తున్నాయి. మేం రోజూ ఆ చెప్పేదాన్నే ఆరబెట్టి పారేస్తున్నాం.

ఇస్త్రీ బండి వాళ్లు వాడే స్ప్రే సీసా ఒకటి కొనుక్కొచ్చి, ముక్కలన్నిటి మీదా ఒకే తీరుగా నీళ్లు చల్లడం మొదలుపెట్టాను. సార్ అప్పుడే లోపలికి వచ్చారు.

"బుద్ధుందా నీకు? నీళ్లకీ ఈ లేజరుకీ ఉప్పూ నిప్పూ అని ఎన్నిసార్లు చెప్పాను? ఇది జరిగే పని కాదు," అన్నారు. సీసా నా చేతిలోంచి లాక్కుని మూలనున్న చెత్తబుట్టలో పడేశారు. ఆయన వెళ్లేదాకా ఆగి, చెత్తబుట్టను ఒక్క తన్ను తన్ని, సీసా బయటికి తీసుకున్నాను. ఆ వానాకాలం అయిపోయేలోపు తడి గుడ్డ మీద తీసిన లెక్క, పొడి గుడ్డ మీది లెక్క కంటే సరిగ్గా రావడం మొదలైంది. సార్ చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశారు. తర్వాత కాగితం మీద సంతకం పెట్టారు. ఆ సంతకమే మెచ్చుకోలు అనుకున్నాను.

సేఠ్ పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. కనిపెట్టినవారు అన్న చోట నా పేరొక్కటే రాయించాడు. పేటెంటు ఆఫీసు నుంచి మొదటి జవాబు రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చినదాంట్లో సారాంశం ఇది: ఎక్కడో ఒకరు ఇదే రకం లేజర్‌తో బట్టల్ని పరీక్షించారు. ఇంకెక్కడో కాగితపు మిల్లులో ఇన్‌ఫ్రారెడ్‌తో కాగితంలో చెమ్మ కొలిచారు. ఈ రెండూ చదివిన, ఈ రంగంలో పని తెలిసిన మనిషి ఎవరికైనా ఇది తట్టేదే. కాబట్టి ఇందులో కొత్తగా కనిపెట్టింది లేదు.

మా పేటెంటు ఏజెంటు గుజరాతీ ఆవిడ. నా ఈడే ఉంటుంది, అందరం బెన్, అంటే అక్క, అనే పిలుస్తాం. "కోపం తెచ్చుకోకు. వాళ్లు అడగాల్సిందే అడిగారు, ప్రతి దరఖాస్తునీ ఇలాగే అడుగుతారు," అంది హిందీలో. "ఆ పని తెలిసిన మనిషి ఎక్కడా ఉండడు. చట్టం ఊహించుకున్నవాడు. అచ్చయినవన్నీ చదివి ఉంటాడు, సొంతంగా మాత్రం ఏమీ తోచదు."

అయినా వాడి మీద నాకు మండిపోయింది. స్కూటర్ నడుపుతూ వాడితో పోట్లాడుకునేదాన్ని. వాడికి ఉక్కపోత లేదు, పాత బేళ్ల ముక్కిన వాసన లేదు. వాడి చేతిలోంచి ఎవరూ సీసా లాక్కోరు. అన్నీ అయిపోయాక తీరిగ్గా వచ్చి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఓస్ ఇంతేనా అంటాడు.

బెన్ ఒక దారి చెప్పింది. "నువ్వు మొదలుపెట్టినప్పుడు, బాగా తెలిసినవాళ్లెవరైనా ఇది జరగదు అన్నారా? అని ఉంటే దానికి విలువ ఉంది. పండితుడికే తట్టనిది, పైగా ఆయనే వద్దన్నది, ఎవరికైనా తట్టేది ఎలా అవుతుంది?"

"అన్నారు. నాకు తెలిసినవాళ్లలో అందరికంటే తెలిసినాయనే అన్నారు," అని చెప్పాను.

"అయితే ఆయన చేత అఫిడవిట్ ఇప్పించు. ఉన్నదున్నట్టు చెప్తే చాలు, హియరింగులో చదివి వినిపిస్తాను."

ఇంత సులువా అనుకున్నాను. సారే కదా.

సార్ వాళ్ల ఫ్లాటుకు వెళ్లి సంగతంతా చెప్పాను. ఆంటీ కాఫీ తెచ్చి, అక్కడే నిలబడి వింది. సార్ హాయిగా నవ్వారు.

"నేనెప్పుడన్నానమ్మా అలా? నీళ్లు కొట్టి చూడమన్నది నేనే కదా. ఇన్‌ఫ్రారెడ్ తెలిసినవాడెవడైనా అదే చెప్తాడు. కావాలంటే ఆ మాటే రాసిస్తాను, హియరింగుకూ వస్తాను."

ఆయన వెటకారంగా అనడం లేదు. అబద్ధమూ ఆడటం లేదు. పొద్దున పార్కులో నడిచే స్నేహితులకు ఆయన ఇలా చెప్పుకుంటున్నారని అంతకుముందే నా చెవిన పడింది. ప్రేమకొద్దీ చెప్పుకుంటున్నారులే అని వదిలేశాను. చెప్పగా చెప్పగా అదే ఆయనకు నిజమై కూర్చుంది. ఈ మాట ఆయన హియరింగులో అన్నారంటే, చట్టం ఊహించుకున్న మనిషి నిజంగానే లేచి వచ్చి, అవును నాకు తట్టింది అన్నట్టు అవుతుంది. నా కథ అక్కడికి ముగిసిపోతుంది.

నాకు కోపం వస్తే నాలుక మీద అదుపు ఉండదు. "మీరే వద్దన్నరు సార్. బుద్ధుందా అన్నరు. నా చేతిల సీసా గుంజుకున్నరు," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "నేనా? నీ చేతిలోంచి లాక్కున్నానా?" అని తన రెండు చేతుల వంకా చూసుకున్నారు. ఆ చూపు చూశాక కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. వస్తానని చెప్పి లేచాను.

నవాగామ్‌లో మా ఇంటికి వచ్చి నాన్నతో చెప్పాను. "పెద్దమనిషిని పట్టుకొని గట్లంటరా బిడ్డా? ఆయనకు యాదికి లేదంటుండు గద," అన్నాడు.

"ఆయనకు యాదికి లేకుంటె జరగనట్టేనా నాయినా?"

"గుడ్డ మీద నీళ్లు చల్లుడే గద. గింతదానికి గింత లొల్లి ఏంది?"

ఆయన మీద కోపం కూడా రాలేదు. ఆ తర్వాత రోజుల్లో నన్ను పట్టుకున్నది వేరే దిగులు. తడి గుడ్డను చూసి అది చెప్పేది తెలియకుండా ఎలా ఉండేదాన్నో గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. గుర్తు రాలేదు. ఇప్పుడు తడి గుడ్డ చూస్తే నూలే కనపడుతుంది. ఒకసారి తెలిశాక, తెలియని రోజులు మనిషి లోపల ఎక్కడా మిగలవు. నాకే మిగలనివి సార్‌కు ఎలా మిగులుతాయి? నాకు ఆ రోజు గుర్తుండటానికి కారణం తెలివి కాదు, దెబ్బ తగలడం. సీసా లాక్కున్నవాళ్లకు అది మామూలు పొద్దు.

కొన్నాళ్లకు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే ఆఫీసుకు వచ్చారు. "ఎక్కడ సంతకం పెట్టాలమ్మా?" అన్నారు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గుర్తొచ్చిందనుకున్నాను. కోర్టు వరండాలో నోటరీ దగ్గర అఫిడవిట్ ఆసాంతం చదువుకున్నారు. నీళ్లు వాడటం జరిగే పని కాదని నేను నమ్మాను, ఆమెను వారించాను, నా అంచనా తప్పయింది. అదీ అందులో ఉన్నది. "సబ్ సచ్ హై నా, కాకా?" అని, అంతా నిజమేనా అన్నట్టు, నోటరీ అలవాటుగా అడిగాడు. సార్ కళ్లద్దాలు తుడుచుకుని, "హా" అన్నారు.

మెట్లు దిగుతూ అన్నారు. "సర్వీసులో ఒక్క తప్పుడు రీడింగ్ మీద కూడా సంతకం పెట్టలేదమ్మా నేను. నీ కోసం పెట్టాను."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "తప్పుడుది కాదు సార్. నిజంగనే జరిగింది," అన్నాను.

"సరేలే," అని నా తల మీద చెయ్యి పెట్టి, నా స్కూటర్ వద్దని ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆ కాగితాన్ని పంపొద్దని బెన్‌కు చెప్పాలా? చాలా ఆలోచించాను. అందులో ఉన్న ప్రతి మాటా జరిగిందే. జరిగింది జరిగిందని రాసిన కాగితం మీద, జరగలేదని నమ్మిన మనిషి సంతకం ఉంది. దాన్ని ఏమనాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. చెప్పలేదు. కాగితం వెళ్లింది.

హియరింగు వీడియోలో జరిగింది. పేటెంటు ఆఫీసు కంట్రోలర్ ఓపికగా విన్నాడు. తడి వల్ల కొలత పాడవుతుందని అచ్చులో ఉన్న వ్యాసాలు బెన్ ముందే పెట్టింది, వాటికి తోడుగా సార్ అఫిడవిట్ చదివి వినిపించింది. అంత అనుభవమున్న వ్యక్తే వారించాడంటే ఇది గమనించాల్సిన విషయమే అన్నాడు కంట్రోలర్. కొన్నాళ్లకు పేటెంటు మంజూరైంది. కనిపెట్టినవారు అన్న చోట నా పేరుంది. సేఠ్ అందరికీ సూరత్ మిఠాయి ఘారీలు పంచాడు.

నేను ఒక పెట్టె తీసుకుని సార్ ఇంటికి వెళ్లాను. మంచిదమ్మా అని, పెట్టె అందుకుని ఆంటీకి ఇచ్చేశారు. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఆ తర్వాత మా గదికి రావడం కూడా మానేశారు. మోకాళ్ల నొప్పులని సేఠ్‌కు చెప్పారట.

ఒక రోజు ఆంటీ ఫోన్ చేసింది. "నీకు చెప్పొద్దన్నారు గాని చెప్పకుండా ఉండలేకపోతున్నానమ్మా. దీపం పెట్టడం మానేశారు. పూజ గది గుమ్మం కూడా తొక్కడం లేదు. అబద్ధపు ప్రమాణం చేసిన చేత్తో ఎలా పెట్టమంటావు అంటున్నారు."

నేను చెత్తబుట్టలోంచి తీసుకున్న సీసా ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లాను. బాల్కనీలో ఆయన పక్కన కూర్చుని, దాన్ని ఆయన చేతిలో పెట్టి, కోపం లేకుండా మొదటి నుంచీ మెల్లగా చెప్పాను. వానలు, హెయిర్ డ్రయ్యర్, ఉప్పూ నిప్పూ అన్న మాట, అన్నీ. మీరు అబద్ధం చెప్పలేదు సార్, అది అక్షరాలా నిజం, అన్నాను. నమ్మండి సార్ అని మళ్లీ మళ్లీ అన్నాను.

ఆయన సీసాను తిప్పి తిప్పి చూశారు. తర్వాత నా మొహం వంక చాలాసేపు చూశారు.

"అవునమ్మా," అన్నారు. "ఇప్పుడు గుర్తొస్తోంది. నిజమే. నీ చేతిలోంచి లాక్కున్నాను. లాక్కుని కిటికీలోంచి అవతలికి విసిరేశాను కదూ? నువ్వు గల్లీలోకి పరిగెత్తి తెచ్చుకున్నావు."

గుమ్మంలో నిలబడ్డ ఆంటీ మొహం వెలిగింది. "చూశారా, నే చెప్పలా? సాయంత్రం దీపం మీరే పెట్టండి," అంది. ఆయన తలూపారు. ఊపుతూనే, నా దిగులు తీరిందా లేదా అన్నట్టు నా వైపు చూశారు.

మా గదికి కిటికీ లేదు.

"అవును సార్," అన్నాను. "కిటికీలోంచే విసిరిన్రు."