మెయిన్ దించాక పది నిమిషాలు

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే దారిలో, కనకమ్మ సత్రం దాటాక ఉన్న రైసు మిల్లులో నేను ఎలక్ట్రీషియన్‌ని. ఆ పని ఇప్పించింది మా అక్క మొగుడు. మిల్లులో పెద్ద ఫిట్టరు ఆయనే. స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

రెండేళ్ల కిందట పాత స్టార్టర్లు తీసేసి మోటార్లకు డ్రైవులు పెట్టించారు. మోటారు వేగాన్ని కావలసినట్టు పెంచి తగ్గించే పెట్టెలవి. బిగించింది నేనే. స్టార్టరుకైతే మెయిన్ దించితే చాలు, కరెంటు పోయినట్టే. డ్రైవు అలా కాదు. మెయిన్ దించినా లోపలి కెపాసిటర్లలో మనిషిని చంపేంత కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మూత విప్పి, ముందు మీటరు పెట్టి చూడాలి. చెయ్యి ఆ తర్వాతే. ఇంత చిన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "మెయినే దించేసినాక ఇంగ కరెంటు యాడ ఉంటాది?" అని మా బావ నవ్వేవాడు.

పెట్టె మీద ఇంగ్లీషులో హెచ్చరిక ఉంది, ఎవరూ చదవరు. ఇంట్లో తెలుగు మాట్లాడినా మేం చదివేది తమిళమే కాబట్టి, తమిళంలో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. పోయినేడు ఆయుధ పూజకు సరిగ్గా దాని మీదే తిరుత్తణి స్వామి పటం అంటించారు. తీయబోతే దోషమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. జానెడు పక్కన అంటిస్తే స్వామి వద్దంటాడా?

ఈ ఏడు మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. యంత్రాలన్నీ ఆపి, తుడిచి, చందనం బొట్లు పెట్టాలి. మంచి గడియ దాటిపోతుందని ఓనరు తొందరపెడుతున్నాడు. మా మిల్లులో ఒక పద్ధతి ఉంది. మెయిన్ దించినవాడు "ఆఫ్" అని గట్టిగా అరవాలి. ఆ కేక విన్నాకే మిగతావాళ్లు చెయ్యి పెట్టాలి. నేను మెయిన్ దించి, అరిచి, బోర్డుకు తాళం వేశాను. వెనక్కి తిరిగేసరికి బావ ఊక ఊదేసే బ్లోయరు డ్రైవు మూత అప్పటికే విప్పేశాడు. లోపల దుమ్ము తుడవడానికి తడిగుడ్డతో చెయ్యి పెట్టబోతున్నాడు.

పరుగెత్తి ఆ చేతి మీద కొట్టాను. చందనం గిన్నె కింద పడి దొర్లింది. అందరి ముందూ, పూజ రోజున, అక్క మొగుణ్ణి కొట్టాను. ఓనరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వెంటనే మీటరు పెట్టి చూపించాను. నాలుగు వందల వోల్టులకు పైనే ఉంది. ఎన్నిసార్లు చెప్పినాను బావా అని అందరూ వినేట్టు అడిగాను.

ఆయన మీటరు కేసి చూశాడు. మొహం పాలిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"నువ్వే గదా ఆఫ్ అని అరిచినావు. నువ్వు అరిచినావనే నేను చెయ్యి పెట్టబోయినాను."

రెండేళ్లుగా అందరినీ తిట్టుకున్నాను గానీ, ఆ కేక వేయాల్సింది మెయిన్ దించగానే కాదని, మీటరు చూశాకేనని నాకే తోచలేదు. డ్రైవులు బిగించి, స్టార్టర్ల నాటి కేకే వేస్తూ వచ్చాను. ఆ రోజు బావ తప్పేమీ చెయ్యలేదు. నా మాట విన్నాడు, అంతే.