నల్లా దగ్గరి డబ్బా, కంప్యూటర్‌లోని పేరు

బొంబాయి కామాటిపుర గురించి బయటివాళ్లు రాసేది ఎప్పుడూ ఒకటే, ఎర్రదీపాల సందుల గురించి. అక్కడ ఒక్కో గదిలో ఒక్కో తెలుగు కుటుంబం ఉండే చాల్‌లో, బడి మానేసిన ఒక అమ్మాయి లైబ్రరీ పుస్తకాలు చదివి కంప్యూటర్ నేర్చుకుందని ఎవరూ రాయలేదు. ఆ అమ్మాయిని నేనే, అందుకే రాస్తున్నాను.

ఎనభైల చివర్లో ఒక లారీ పార్సిల్ ఆఫీసు వాళ్లు నన్ను కొన్నాళ్లు చూద్దామని తీసుకున్నారు. అక్కడి కంప్యూటర్ మెమొరీ చిన్నది; నేను రాసిన ప్రోగ్రాం అందులో పట్టలేదు. ప్రోగ్రాంలో వివరాలు దాచే చోట్లకు పెట్టిన పొడుగు పేర్లను పొట్టిచేసి, వాడని వాటిని తీసేసే మరో ప్రోగ్రాంతో దాన్ని కుదించాను. పట్టింది. కానీ పార్సిళ్ల కోసం అచ్చయిన చీటీల మీద అవి చేరాల్సిన ఊరి పేరు ఉండాల్సిన చోటు ఖాళీ.

"శనివారంలోగా ఊరు పడకపోతే ఇంకొకరిని చూసుకుంటాం" అన్నాడు ఆఫీసు యజమాని సేఠ్.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర గొడవ. మా చాల్‌లో వరుసలో మనిషే నిలబడనక్కర్లేదు, డబ్బానో ఇటుకనో పెడితే చాలు. పాలమూరు నుంచి మా పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు ఎదురింటి అత్త పెట్టిన డబ్బాను చెత్త అనుకుని విసిరేసింది.

"ఏందే పిల్లా, నన్నే ఎత్తి పారేసినవ్?"

"నిన్నెందుకు పారేస్త అత్తా? అడుగూడిన డబ్బా అది. దాంట్ల నీళ్లు నిలుస్తయా?"

"నీళ్లకు బాల్టీ ఇంట్ల ఉంది. ఆ డబ్బా నా నంబరు!"

అందరూ నవ్వారు. మా అమ్మ మాత్రం కోడలి వైపే మాట్లాడింది. "ముందుగాల ఎవలన్న చెప్పిన్రా దానికి? చెప్పకుంటే ఎట్ల ఎర్కైతది?"

నా బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు, ఊరు పడని చీటీ ఎందుకలా అయిందో తట్టింది. నేను కుదించిన మొదటి ప్రోగ్రాం, నేను పేరు పెట్టిన ఒక చోట ఊరిని నింపి వదిలేస్తుంది. చీటీ అచ్చువేసే రెండో ప్రోగ్రాం ఆ చోటును అదే పేరుతో వెతుక్కుంటుంది. కుదించేదానికి రెండోది కనబడదు. అందుకే ఆ పేరును ఎవరూ వాడడం లేదనుకుని తీసేసింది. దానికీ నేను ముందుగా చెప్పలేదు.

సాయంత్రం లైబ్రరీలో, కంప్యూటర్ పుస్తకంలో అవసరం లేదని నేను వదిలేసిన అధ్యాయం తెరిచాను. ముట్టకూడని పేర్లను మొదట్లోనే రాసి కుదించేదానికి ఇవ్వవచ్చట! శుక్రవారం అలాగే చేశాను. చీటీ మీద 'షోలాపూర్' అని పడింది. సేఠ్ ఆ చీటీని కాగితం నుంచి విడదీసి పార్సిల్‌కు అంటించి, తర్వాతది తెమ్మన్నాడు. ఆ ఉద్యోగం నాకు నిలిచింది.

పేర్లు రాస్తే మావాళ్లు సిగ్గుపడతారు, వరసలతోనే చెబుతాను. ఎదురింటి అత్తకు, ఆ కోడలికి, అమ్మకు, ఇంటికివ్వకూడని పుస్తకాన్ని మూసేవేళ దాటినా నా ముందు ఉంచిన లైబ్రరీ కాకాకు, ఇంగ్లీషు మాటలకు మరాఠీలో అర్థం చెప్పిన పక్కబెంచీ తాతకు నా దండాలు.